మణికట్టు విరిగిన సంగతి

ఇండియానాపోలిస్ 500 కార్ల పందెం ముందు ఏటా ఒక పిలుపు వినిపించేది: జెంటిల్మెన్, ఇంజన్లు స్టార్ట్ చేయండి అని. 1977లో ఆ మాటకు చిక్కొచ్చింది. బరిలో తొలిసారి ఒక మహిళ, జానెట్ గత్రీ. ఇంజన్ స్టార్ట్ చేసేది మెకానిక్కులు, వాళ్లంతా మగవాళ్లే కనుక పిలుపు మార్చనక్కర్లేదన్నారు నిర్వాహకులు. ఆమె బృందం చేసిందేమిటో తెలుసా? స్టార్టర్ పట్టుకోవడానికి ఒక మహిళనే నిలబెట్టింది! చివరికి పిలుపు మారింది.

ఈ చమత్కారం కంటే మాకు నచ్చింది దాని వెనకున్న ఏళ్లు. భౌతికశాస్త్రం చదివి, విమానాల కంపెనీలో ఇంజనీరుగా చేస్తూ, పాత జాగ్వార్ కారు కొని దాని ఇంజన్‌ను తానే విప్పి బిగించుకున్న మనిషి ఆమె. పదమూడేళ్లు రోడ్డు రేసుల్లో నలిగాకే పెద్ద ట్రాక్ పిలిచింది. అదే 1977లో డేటోనా 500లోనూ పాల్గొని 12వ స్థానంలో నిలిచారు.

ఇండియానాపోలిస్‌లో ఆ ఏడాది ఇంజన్ మొరాయించింది, 29వ స్థానం. మరుసటి ఏడాది సొంత జట్టు కట్టుకున్నారు. పందేనికి రెండ్రోజుల ముందు టెన్నిస్ ఆడుతూ కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. తెలిస్తే ఎక్కడ ఆపేస్తారోనని ఎవరికీ చెప్పలేదు. ఆ చేత్తోనే తొమ్మిదో స్థానం సాధించారు.

తర్వాత? స్పాన్సర్లు దొరకలేదు. కొన్నేళ్లకే ట్రాక్ దూరమైంది. ఆమె హెల్మెట్ మాత్రం స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది.