జాబితాలో లేని పేర్ల కోసం

వరద వచ్చిన మొదటి వారంలో సేవకులకు కొదవ ఉండదు. పులిహోర పొట్లాలు, మంచినీళ్ల ప్యాకెట్లు, దుప్పట్లు లారీల్లో వస్తాయి. ప్రధాన రహదారి పక్కనున్న వీధికి మూడుసార్లు అందుతాయి, లోపలి వీధికి ఒక్కసారీ అందవు. నాలుగో వారానికి కెమెరాలు వెళ్లిపోతాయి, లారీలూ ఆగిపోతాయి. ఎవరికి ఎంత నష్టం జరిగింది, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న లెక్క అప్పటికి ఒక కొలిక్కి వస్తుంటుంది. బాధితుడి భవిష్యత్తును తేల్చేది ఆ లెక్కే. మన విశ్వవిద్యాలయాల సామాజిక సేవా విభాగాల విద్యార్థులు, జాతీయ సేవా పథకం కార్యకర్తలు మాత్రం ఆ సమయానికి తరగతి గదులకు తిరిగి వెళ్లి ఉంటారు. పొట్లాలు పంచడానికి పిలిచిన ప్రభుత్వాలు లెక్క దగ్గరికి వారిని పిలవవు.

విజయవాడ అనుభవమే చూడవచ్చు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ వంటి పేటలను ముంచింది. నేల అంతస్తులో ఉన్న కుటుంబానికి 25 వేల రూపాయలు, పై అంతస్తులో ఉన్నవారికి 10 వేలు అని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ప్రకటన ఉదారమైనదే. అయితే నమోదు పత్రంలో అంతస్తు గడి ఒక్కటి తప్పుగా నిండితే 15 వేలు పోతాయి. తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోయినా, ఆధార్‌లో పాత చిరునామా ఉన్నా, ఒకే డోర్ నంబరు కింద నాలుగు అద్దె కుటుంబాలున్నా మొత్తం సొమ్మే చిక్కులో పడుతుంది. పేర్లు లేవంటూ జనం సచివాలయాల చుట్టూ, కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. నమోదు చేసిన సిబ్బందికి దురుద్దేశం ఉందని అనుకోనక్కరలేదు. వేల ఇళ్లను కొద్ది రోజుల్లో చుట్టి రమ్మంటే జరిగేది ఇదే. లోపమల్లా, రాసినవారే సరిచూడటం, సరిచూసినవారే ఫిర్యాదును తేల్చడం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ చర్చకు మరో ఇబ్బంది ఉంది. 'వాలంటీరు' అన్న మాటే అక్కడ రాజకీయమైపోయింది. 2019 ఆగస్టు 15న మొదలై, నెలకు 5 వేల గౌరవ వేతనంతో సాగిన ఆ వ్యవస్థ 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం ఆంక్షలకు గురై, ప్రభుత్వం మారాక అటకెక్కింది. ఒక పక్షానికి అది సేవ, మరో పక్షానికి పార్టీ యంత్రాంగం. ఆ తగాదాలో నిజమైన స్వచ్ఛంద సేవకుడికి చోటు లేకుండా పోయింది.

విద్యార్థులు మాత్రం కొత్తగా పుట్టించాల్సిన వ్యవస్థ కాదు. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. ఆ గంటల్లో ఎన్ని ర్యాలీలకు, మొక్కతో దిగే ఫొటోలకు ఖర్చవుతున్నాయో ప్రిన్సిపాళ్లకు తెలియనిది కాదు. ఎం.ఎస్.డబ్ల్యు. విద్యార్థికైతే క్షేత్ర పనే చదువులో ప్రధాన భాగం. ఇంటింటికీ వెళ్లి మాట రాబట్టడం, కుటుంబ స్థితిని రాసుకోవడం, ఆ కుటుంబాన్ని ప్రభుత్వ పథకంతో కలపడం అతనికి పాఠ్యాంశాలు. అలాంటివాడి చేత బియ్యం మూటలు మోయించి పంపడం శిక్షణను వృథా చేయడమే.

2018 వరదల తర్వాత కేరళ కొంత భిన్నంగా ఆలోచించింది. ఇళ్ల నష్టాన్ని మొబైల్ యాప్‌లో నమోదు చేసే పనిలో స్వచ్ఛంద సేవకులను కలుపుకుంది. అక్కడా తప్పులు దొర్లాయి, అప్పీళ్లు వెల్లువెత్తాయి. అయినా దారి ఉందని తేలింది. తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఇంట్లోనే ఉంది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ చెప్పిన సామాజిక తనిఖీని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే మొదలుపెట్టి, గ్రామ యువతకు శిక్షణ ఇచ్చి, మస్టర్లను ఊరి మధ్య చదివించింది. కూలి డబ్బుకు పనికొచ్చిన పద్ధతి వరద డబ్బుకు ఎందుకు పనికిరాదు? 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ సహాయానికి కనీస ప్రమాణాలు నిర్దేశించమంటుంది. ఆ సహాయం పొందేవారి జాబితాను ఎవరు సరిచూడాలన్నది మాత్రం అందులో లేదు.

స్థానిక విద్యార్థికీ స్థానిక పార్టీ, స్థానిక కులం ఉంటాయి కదా అన్న అభ్యంతరం బలమైనదే. బయటివారిని తెస్తే భాష రాదు. భాష వచ్చిన బయటివారు కావాలి. ఇక్కడే భిలాయి గుర్తుకు రావాలి. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మండిన ఆ ఉక్కు పట్టణానికి ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. అక్కడి సెక్టర్ 7లో కల్యాణ్ కళాశాల ఉంది. దుర్గ్‌లోని హేమచంద్ యాదవ్ విశ్వవిద్యాలయం పరిధిలోని ఇటువంటి కళాశాలల్లో ఇంట్లో తెలుగు, బయట హిందీ మాట్లాడే పిల్లలు చదువుతున్నారు. సింగ్ నగర్ కార్పొరేటర్ ఎవరో వారికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. శ్రీకాకుళం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అక్కడ వారికి మేనమామలు, మేనత్తలు ఉంటారు గనుక సొంత మండలాలకు పంపకూడదు.

శ్రీకాకుళమే ఎందుకంటే, 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటలను కూల్చి, వంశధారను పొంగించింది. అనర్హులు చేరారన్న ఆరోపణలు, అర్హులు మిగిలిపోయారన్న ఫిర్యాదులు అధికారం చేతులు మారాక కూడా సాగాయి. వలస ఎక్కువగా ఉన్న జిల్లాలో లెక్కకు వచ్చినవారికి తాళం వేసిన ఇల్లు ఖాళీ ఇల్లుగా కనిపించడం సహజం. ఆ తాళం అర్థం వలస కుటుంబంలో పుట్టిన విద్యార్థికి చెప్పనక్కరలేదు.

ఇద్దరిద్దరుగా వెళ్లి రోజుకు 20 ఇళ్లు చూసినా, ఏడు రోజుల శిబిరంలో ఒక జంట 140 ఇళ్లను సరిచూడగలదు. 50 జంటలైతే 7 వేల ఇళ్లు. దుర్గ్ నుంచి విశాఖపట్నానికి వందే భారత్ రైలు 2024 సెప్టెంబరులోనే మొదలైంది. కావలసింది రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా శాఖల మధ్య ఒక ఒప్పందం, ఆ గంటలను సేవా గంటలుగా లెక్కించే విశ్వవిద్యాలయ ఉత్తర్వు, నష్టపరిహార పత్రంలో అధికారి సంతకం పక్కన తనిఖీ చేసినవారి సంతకానికి చోటిచ్చే జీవో.