జనగణనలో మాతృభాష దగ్గర దక్కనీ అని రాయించండి

ఫలక్‌నుమా, ఇంజన్‌బౌలి, జంగంమెట్ బస్తీల తల్లిదండ్రులకు, ఇక్కడి బడుల టీచర్లకు:

మొన్న మన బస్తీలోని ఒక బడిలో రెండో తరగతి పిల్ల దక్కనీలో ‘నక్కో’ (వద్దు) అన్నందుకు బెంచీ ఎక్కించి నిలబెట్టారు. అది ‘ఖరాబ్ జబాన్’ (చెడ్డ భాష) అట. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోనంటోంది.

ఖరాబ్ జబానా? 1591లో ఈ శహర్‌ను కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది ఈ భాషలోనే. 1635లో ముల్లా వజ్‌హీ ‘సబ్‌రస్’ అనే వచన కావ్యం రాసిందీ ఇందులోనే. 1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. ఆ తర్వాతే ఢిల్లీ మాట పెద్దల మాటయింది, దక్కనీ బజారు మాటయింది. 1918లో ఉర్దూలో చదువు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది, గర్వపడ్డాం. కానీ ఈ బస్తీల నానీలు మాట్లాడే దక్కనీని ఆ గడప లోపలికి రానివ్వలేదు.

నా తోటి తెలుగువాళ్లను ఒకటి అడుగుతున్నా. మన తెలంగాణ మాటను సినిమాల్లో రౌడీలకూ, నవ్వించే పాత్రలకూ అంటగట్టినన్నాళ్లు మనకు కడుపు మండలేదా? మన మాటకు గౌరవం కావాలని కొట్లాడలేదా? మరి దక్కనీ వినగానే పకపకా నవ్వుతున్నదెవరు? మన మాటకు జరిగితే అవమానం, పక్కింటి మాటకు జరిగితే హాస్యమా? ఆ నవ్వే బెంచీ దాకా వచ్చింది. ఈ పాపంలో మనకూ వాటా ఉంది.

ఇంటి భాషను చిన్నచూపు చూడటం ఇక్కడే కాదు. బొలీవియాలో ఐమారా అనే మూలవాసుల పిల్లలకూ స్పానిష్ చదువే గతి అన్నారు. 1931లో అవెలినో సిన్యాని, ఎలిసార్డో పేరెస్ వరిసాతా ఊళ్లో ఐమారాల కోసం బడి పెట్టారు. భూస్వాములు పగబట్టినా ఆ ఊరు వెనక్కి తగ్గలేదు. 2009 రాజ్యాంగం స్పానిష్‌తో పాటు ఐమారా సహా మూలవాసుల భాషలన్నిటినీ అధికార భాషలుగా ఒప్పుకుంది. మన రాజ్యాంగం 350ఎ అధికరణం కూడా భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమంటోంది. చేసిందెవరు?

దక్కనీకి లిపి లేదంటారు కొందరు. వజ్‌హీ ఏ లిపిలో రాశాడో చూసుకోండి. దక్కనీ అని రాయిస్తే ఉర్దూ బలం తగ్గుతుందంటారు. తగ్గదు. జనగణనలో మాతృభాషతో పాటు తెలిసిన మరో రెండు భాషలు కూడా అడుగుతారు. ఉర్దూ, తెలుగు అక్కడ చెప్పండి.

1, 2 తరగతుల్లో టీచరు దక్కనీలో చెప్పాలి, పిల్లలు దక్కనీలో జవాబివ్వాలి. ఈ మాటమీద బడి కమిటీలు తీర్మానం చేసి విద్యాశాఖ అధికారులకు ఇవ్వాలి. ఇక 2027 జనగణనకు మనిషి మీ తలుపు కొట్టినప్పుడు, అడగకముందే ఉర్దూ అని రాసుకుంటే ఊరుకోవద్దు. దక్కనీ అని చెప్పండి. ఏం రాసుకున్నారో చదివించుకుని వినండి.