రూమ్‌లో కరెంట్ పోతుంటే పవర్ స్టేషన్ కాదు, ముందు మల్టీమీటర్ కొనండి

చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ వైపు రూముల్లో ఉండి గ్రూప్స్‌కో, సివిల్స్‌కో, బ్యాంక్ పరీక్షలకో చదివేవాళ్లలో చాలామందికి ఒకటే తలనొప్పి. కరెంట్ పోతుంది. ఇన్వర్టర్ పది నిమిషాలకే కుయ్‌మంటుంది. వైఫై ఆగుతుంది, దాంతో మాక్ టెస్ట్ మధ్యలో ఆగుతుంది. వెంటనే ఫోన్ తీసి పోర్టబుల్ పవర్ స్టేషన్ల ధరలు చూడటం మొదలుపెడతారు.

ఈ విషయంలో మా అభిప్రాయం సూటిగా చెప్పేస్తున్నాం. కరెంట్ ఎక్కడ పోతోందో తెలియకుండా కొన్న ఏ గ్యాడ్జెట్ అయినా డబ్బు దండగే. వేలు పోసి పవర్ స్టేషన్ తెచ్చుకునే ముందు కొన్ని వందల్లో వచ్చే డిజిటల్ మల్టీమీటర్ ఒకటి తెచ్చుకోండి. కోఠి ట్రూప్ బజార్‌లో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. రూమ్‌కి ఒకటి చాలు, నలుగురూ పంచుకోవచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది: పోయింది ఎక్కడ?

"కరెంట్ పోయింది" అని ఒకే మాట అంటాం కానీ, అందులో మూడు వేరువేరు సమస్యలు ఉంటాయి. వీధి మొత్తం పోవచ్చు, బిల్డింగ్ వరకే పోవచ్చు, మీ రూమ్‌లోనే పోవచ్చు. కిటికీలోంచి ఒకసారి బయటికి చూస్తే సగం తేలిపోతుంది. ఎదురు మెస్‌లో ఫ్యాన్ తిరుగుతుంటే తప్పు మీ బిల్డింగ్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. వీధంతా చీకటిగా ఉంటే 1912కి ఫోన్ చేయడమే పని. మామూలుగా మీటర్ వరకు బాధ్యత డిస్కమ్‌ది, అక్కడి నుంచి లోపలి వైరింగ్ అంతా ఓనర్‌ది.

అమెరికాలో మనవాళ్లు సెలవులకు ట్రావెల్ ట్రైలర్లు అద్దెకు తీసుకుని తిరుగుతుంటారు. కారు వెనక లాగించుకెళ్లే చిన్న ఇల్లు అది. మామూలు ట్రైలర్‌కి క్యాంపు స్తంభం నుంచి ఒకే తాడు వస్తుంది: 120 వోల్టులు, 30 ఆంప్‌లు, అంటే మొత్తం 3,600 వాట్లు. లోపల లైట్లకు, నీళ్ల పంపుకు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అందులో పవర్ పోతే తెలిసినవాళ్లు ముందు స్తంభం దగ్గర వోల్టేజ్ చూస్తారు. తర్వాత తాడు, ఆ తర్వాత బ్రేకర్లు, సాకెట్లు, చివరికి బ్యాటరీ, దాన్ని ఛార్జ్ చేసే కన్వర్టర్. వచ్చే చోటు నుంచి వాడే చోటు వరకు వరుసగా, ఒక్క మెట్టూ దాటకుండా చూస్తారు.

అశోక్‌నగర్ హాస్టల్ రూమ్ కూడా ఒక రకంగా అలాంటి ట్రైలరే. ఒక లైను, రెండు సాకెట్లు, మెట్ల కింద ఒక బ్యాటరీ, దాని మీద ఆధారపడ్డ నలుగురు. వాళ్ల పద్ధతే ఇక్కడా పనికొస్తుంది.

ఎంసీబీ పడిపోతుంటే

స్విచ్ పైకి ఎత్తగానే టప్‌మని పడిపోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ప్లగ్‌లన్నీ పీకేసి మళ్లీ ఎత్తండి. అప్పుడు నిలబడితే ఒక్కొక్కటే పెట్టుకుంటూ వెళ్లండి, ఏ వస్తువు పెట్టగానే పడిందో అదే దొంగ. అన్నీ పీకినా పడుతుంటే తప్పు వైరింగ్‌లో ఉంది, ఎలక్ట్రీషియన్ రావాల్సిందే. అలా కాకుండా పది నిమిషాలు బాగా నడిచి పడిపోతే చాలాసార్లు అది ఓవర్‌లోడ్.

ఓవర్‌లోడ్ లెక్క పెద్ద విషయమేమీ కాదు. గోడకున్న చిన్న సాకెట్ 6 ఆంప్‌లది. 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు. 1,500 వాట్ల కెటిల్ ఒక్కటే ఆ హద్దు దాటేస్తుంది. ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్లు, ఇక చెప్పక్కర్లేదు. అదే సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్స్, ఆ బాక్స్‌కి ఇంకో బాక్స్ తగిలించి వాడే రూములు ఈ ఏరియాలో కొత్తేం కాదు. కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ లాంటివి 16 ఆంప్‌ల సాకెట్‌లోనే, అదీ ఒక్కటొక్కటిగానే పెట్టాలి.

ఇక్కడే అసలు ప్రమాదం మొదలవుతుంది. మాటిమాటికీ పడుతోందని చిన్న ఎంసీబీ తీసేసి పెద్దది వేయిస్తుంటారు. ట్రిప్ అవ్వడం ఆగిపోతుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ గోడలో వైరు మాత్రం పాతదే. ఎంసీబీ ఉన్నది ఆ వైరుని కాపాడటానికి. దాన్ని మార్చేస్తే వైరు వేడెక్కుతున్నా ఆపేవాళ్లుండరు. 2023 జూన్ 15న ఢిల్లీ ముఖర్జీనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బిల్డింగ్‌లో మీటర్ల దగ్గర మంటలు పుట్టి పొగ పైకి కమ్మేస్తే, విద్యార్థులు కిటికీల్లోంచి వైర్లు, తాళ్లు పట్టుకుని దిగాల్సి వచ్చింది. మెట్ల కిందే మీటర్లు, ఆ మెట్లే బయటికి దారి అయిన బిల్డింగులు మన దగ్గరా ఉన్నాయి.

టెస్టర్ వెలుగుతుంది, ఫ్యాన్ తిరగదు

లైన్ టెస్టర్ వెలిగితే కరెంట్ ఉన్నట్టే అనుకుంటాం. అది ఫేజ్ వచ్చిందని మాత్రమే చెబుతుంది. న్యూట్రల్ తెగిపోయినా టెస్టర్ వెలుగుతూనే ఉంటుంది. మల్టీమీటర్ గొప్ప ఇక్కడే తెలుస్తుంది: ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర చూపిస్తే సరే, అసలు చూపించకపోతే మధ్యలో ఎక్కడో తెగినట్టు.

ఇంకో లక్షణం గుర్తుపెట్టుకోండి. కొన్ని రూముల్లో లైట్లు మామూలు కంటే బాగా వెలిగి, కొన్నింట్లో డల్ అయితే అది త్రీ ఫేజ్ బిల్డింగ్‌లో న్యూట్రల్ వదిలిన సూచన కావచ్చు. అప్పుడు సాకెట్‌లో వోల్టేజ్ 400కి దగ్గరగా కూడా వెళ్లగలదు. ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద సాధారణంగా 100 నుంచి 240 అని రాసి ఉంటుంది, 400 తట్టుకోలేదు. వెంటనే మెయిన్ ఆపేయించి, ప్లగ్‌లు పీకేయండి. సొంతంగా రిపేర్ జోలికి వెళ్లొద్దు.

మీటర్ వాడేటప్పుడు ఒక జాగ్రత్త. ఎర్ర ప్రోబ్ వోల్ట్స్ రంధ్రంలోనే ఉండాలి, 10 ఆంప్‌ల రంధ్రంలో పెట్టి సాకెట్‌లో గుచ్చితే షార్టే. అంత ధైర్యం లేకపోతే, సాకెట్‌లో పెట్టగానే వోల్టేజ్ చూపించే చిన్న ప్లగ్ మీటర్ తీసుకోండి, అదీ చాలు.

ఇన్వర్టర్ ఉన్నా బ్యాకప్ రావట్లేదా?

ముందు ఎంత రావాలో చూద్దాం. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్స్. నష్టాలు పోగా 1,200 దాకా చేతికొస్తుంది అనుకోండి. నాలుగు మామూలు ఫ్యాన్లకు 300 వాట్లు, నాలుగు ల్యాప్‌టాప్‌లకు 200, లైట్లకు 50, మొత్తం 550. అంటే రెండు గంటలు నడవాలి. పది నిమిషాలకే ఆగిపోతుంటే, ఇంకా పెద్ద బ్యాటరీ కొనేముందు ఇవి చూడండి.

1. ఇన్వర్టర్ వెనక మెయిన్స్ ఫ్యూజ్ బటన్ లేదా ఎంసీబీ పడి ఉందా? పడి ఉంటే కరెంట్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఛార్జ్ కావట్లేదు.

2. మోడ్ ఏంటి? యూపీఎస్ మోడ్‌లో వోల్టేజ్ 180 కంటే తగ్గితే చాలా ఇన్వర్టర్లు బ్యాటరీ మీదకి వెళ్లిపోతాయి. ఎండాకాలం సాయంత్రం లో వోల్టేజ్ ఉంటే, కరెంట్ ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది.

3. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పేరుకుందా? డిస్టిల్డ్ వాటర్ లెవెల్ తగ్గిందా?

4. ఛార్జ్ అయ్యాక కాసేపు ఆగి కొలిస్తే 12.6 – 12.7 వోల్టులు ఉండాలి. అంత చూపించి, లోడ్ పడగానే 10.5 కిందికి జారిపోతే సెల్ పోయినట్టు. అప్పుడే కొత్త బ్యాటరీ మాట.

ఇంకోమాట, ఛార్జ్ అయ్యేటప్పుడు ట్యూబులర్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలి ఆడని మెట్ల కింద గూట్లో, చెప్పుల స్టాండ్ పక్కన దాన్ని దాచడం మానాలి.

అయితే ఏం కొనొచ్చు?

అన్నీ చూశాక కూడా కరెంట్ నిజంగానే వీధిలోనే పోతుంటే, మేం మొదట చెప్పేది వైఫై రూటర్‌కి మినీ యూపీఎస్. రూటర్ తినేది 10 వాట్ల దగ్గర. 30 వాట్ అవర్స్ ఉన్న మినీ యూపీఎస్ రెండున్నర గంటలు లాగుతుంది. మాక్ టెస్ట్ గండం గట్టెక్కుతుంది. రూటర్ వోల్టేజ్ 9 లేదా 12, ఏదో చూసి తీసుకోండి.

రెండోది, టైప్‌ సీ ఛార్జింగ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే 65 వాట్ల పవర్ బ్యాంక్. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్స్, ల్యాప్‌టాప్‌ని సుమారు ఒకసారి నింపుతుంది. పవర్ స్టేషన్ చివరి మాట. 300 వాట్లది కొని దాని మీద ఇండక్షన్ పెడదాం అనుకుంటే అది కట్ అయిపోతుంది.

ఓనర్లకు ఒక మాట

బోర్డు తలుపు మీద ఏ ఎంసీబీ ఏ రూమ్‌దో రాసి పెట్టడానికి ఒక స్కెచ్ పెన్ చాలు. 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. మంచాలు పెంచినప్పుడల్లా అద్దె పెరుగుతోంది, మరి శాంక్షన్డ్ లోడ్ ఎందుకు పెరగదు? రూమ్ చూడటానికి వెళ్లేవాళ్లు వైఫై స్పీడ్ టెస్ట్ చేసి చూస్తున్నారు, మంచిదే. అదే సమయంలో మెయిన్ బోర్డు ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గరుంటుంది అని కూడా అడగండి. దానికి జవాబు చెప్పలేని హాస్టల్‌కి మా రేటింగ్ తక్కువే.