"పెద్దవయసు కదా" అని వదిలేద్దామా?



వానాకాలం వచ్చిందంటే మన ఊళ్ళలో ఎవరో ఒక అవ్వ జారిపడుతుంది. లేవలేదు. "నడుం పట్టేసింది" అని నూనె రాసి మర్దన చేస్తాం, పసరు కట్టిస్తాం. నెల తిరిగేసరికి మంచానికే అతుక్కుపోతుంది, వీపంతా పుళ్ళు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. పోయాక "పెద్దవయసు కదా" అంటాం. చాలాసార్లు చంపింది వయసు కాదు, తుంటి ఎముక విరిగిందని ఎవరూ చూడకపోవడమే అంటాం మేము.

ముసలివాళ్ళ ఎముక గుల్లబారి ఉంటుంది. నిలబడ్డ చోట పడినా విరుగుతుంది. పడ్డాక ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగిపోతే దాదాపు అదే. మోసం చేసేది ఇంకో రకం. ఎముక విరిగినా పక్కకి జరగదు. కాలు తిన్నగానే ఉంటుంది, కర్ర పట్టుకుని నాలుగడుగులు కూడా వేస్తారు. నొప్పి గజ్జలో ఉంటుంది, కొందరికి మోకాల్లో తెలుస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీసి "ఏం లేదు" అని పంపేస్తే ఇంక అంతే. తుంటికి తీసినా కొన్ని మొదటి ఎక్స్‌రేలో కనపడవు. అనుమానం పోకపోతే ఎమ్మారై తీయాలి, అది దొరక్కపోతే సీటీ అని బ్రిటన్‌లోని నైస్ మార్గదర్శకాలు చెప్తాయి. ఆపరేషన్ ఆసుపత్రిలో చేరిన రోజే, లేదా మర్నాడే చెయ్యాలట. మన అవ్వ డోలీలో రోడ్డెక్కేసరికే మర్నాడవుతుంది, అది వేరే సంగతి.

డోలీ అంటే ఒక మాట. దుప్పటి డోలీలో మనిషి ముడుచుకుపోయి విరిగిన తుంటి ఇంకా కదులుతుంది. మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళ మధ్య దుప్పటి మడత పెట్టి, రెండు కాళ్ళూ కలిపి కట్టి మోస్తే మేలు.

పసరు కట్టేవాళ్ళ మీద మాకు కోపం లేదు. వాళ్ళు కడితే చెయ్యి అతుక్కున్నవాళ్ళు మన మధ్యే ఉన్నారు. తుంటికి మాత్రం బయటి కట్టు నిలవదు, లోపల రాడ్డో స్క్రూలో వెయ్యాలి, లేదంటే కీలు బంతే మార్చాలి.

అసలు కోపం ఓపీ దగ్గర. అవ్వ కువిలోనో కోయలోనో చెప్తుంది, డాక్టరుకి అర్థం కాదు, చీటీ మీద "కాళ్ళనొప్పి" అని పడుతుంది. అందుకే సెలవులకి ఊరెళ్ళిన మనలో ఒకరు పక్కన నిలబడాలి. "పడింది సార్, అప్పట్నుంచి లేవట్లేదు, గజ్జలో నొప్పంటోంది, తుంటికి ఎక్స్‌రే రాయండి" అని మనమే అడగాలి. మన ఏరియా ఆసుపత్రుల్లో ఎక్స్‌రే టెక్నీషియన్ రోజూ ఉండాలని ఐటీడీఏ గ్రీవెన్స్‌లో అర్జీ పెడదాం. మీ మండలంలో మిషను ఉందా, తీసేవాళ్ళున్నారా, కింద రాయండి.