పేరు విప్పి చదువుట

మా పొరుగింటి బాలిక పదవ తరగతి చదువుచున్నది. మొన్నొక సాయంకాలము రసాయనశాస్త్ర పుస్తకము నొడిలో నుంచుకొని కన్నీరు పెట్టుకొనుచుండెను. "అత్తయ్యగారూ, ఈ కర్బన పదార్థముల పేర్లు నాకు కంఠస్థము కావు. పై యేడు సైన్సు జోలికి పోను" అనెను.

ఆ పిల్లను వంటయింటిలోనికి పిలిచి గ్యాసుబండను చూపితిని. అందలి వాయువులలో ముఖ్యమైనవి ప్రొపేన్, బ్యూటేన్. వీనిని వల్లింప నక్కఱలేదు, విప్పవలెను. పేరు మొదట కర్బన పరమాణువుల లెక్క యుండును. మిథ్ అనిన ఒకటి, ఇథ్ రెండు, ప్రొప్ మూడు, బ్యూట్ నాలుగు. ఈ నాలుగును ఊరక జ్ఞాపక ముంచుకొనవలసినవే. పాత పేర్ల శేషములు. బ్యూట్ అనునది లాటినులో వెన్నకు గల పేరు. చెడిన వెన్నకు కంపు నిచ్చు ఆమ్లమున నాలుగు కర్బనములుండుటచే ఆ సంఖ్యకు వెన్న పేరే నిలిచినది. పై సంఖ్యలు గ్రీకువి: పెంట్, హెప్ట్, ఆక్ట్, డెక్. వీని సరసన పంచ, సప్త, అష్ట, దశ అని చదువుడు. జ్ఞాతులని చెవికే తెలియును. బాలిక అప్పుడు నవ్వినది.

పేరు చివర వంశమును దెలుపును. మన యింటిపేరు ముందు వచ్చును, వీనిది వెనుక. 'ఏన్' అనిన కర్బనముల నడుమ అన్నియు ఒంటి బంధములు, 'ఈన్' అనిన జంట బంధము కలదు, 'ఓల్' ఆల్కహాలు, 'ఆల్' ఆల్డిహైడు. మన పత్రికలు ఇథనోలును ఇథనాల్ అని వ్రాయుచుండును గాని, పరీక్షలో అట్లు వ్రాసిన వేఱొక పదార్థమగును!

పూర్వము పదార్థము దొరకిన చోటే దాని పేరు. చీమలనుండి తీసినది ఫార్మిక్ ఆమ్లము, పులిసిన ద్రాక్షరసమునుండి వచ్చినది ఎసిటిక్ ఆమ్లము. పదార్థములు వేలకు పెరుగగా 1892లో రసాయనవేత్తలు జెనీవాలో కూడి నియమము లేర్పఱచిరి. 1919లో వెలసిన అంతర్జాతీయ సంఘము నేటికిని ఆ పని చూచుచున్నది. కావున చీమల ఆమ్లము మిథనోయిక్ ఆమ్లము, వంటింటి వెనిగరులోనిది ఇథనోయిక్ ఆమ్లము.

ఇది పరీక్షకొఱకే యనుకొనకుడు. సారాయిలో నుండునది ఇథనోల్. కల్తీసారా త్రాగి పలువురు చూపును, ప్రాణమును గోల్పోవుటకు కారణము మిథనోల్. తేడా ఒక్క కర్బనము. ఈ మిథనోల్ శరీరములో మాఱి మాఱి కడకు ఆ చీమల ఆమ్లమే యై కంటి నరమును చెఱచును. రంగులు పలుచన చేయు కొన్ని ద్రావకములలోను ఇది యుండును. అట్టి సీసాను పిల్లలకు అందు చోట నుంచరాదు.

వెళ్లబోవుచున్న బాలికను, "గ్యాసుబండలో 2-మిథైల్ ప్రొపేన్ కూడ నుండును. ఎన్ని కర్బనములు?" అని యడిగితిని. గుమ్మమున నిలిచి వ్రేళ్లు మడచినది. "మూడింటి గొలుసు, రెండవదానికి ఒకటి కొమ్మ. నాలుగు, అత్తయ్యగారూ!"