కూపన్ అమ్మకముందే ఆపాలి

కొనేవాళ్లు దొరకని ఇంటికో ప్లాటుకో 500 రూపాయల కూపన్లు పెట్టి లక్కీ డ్రా తీసే పద్ధతి ఇటీవల తెలంగాణలో మొదలైంది. 3,000 కూపన్లు పోతే యజమాని చేతికి 15 లక్షలు వస్తాయి. నెలవారీ స్కీములైతే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాతవే. నెలకు వెయ్యి కట్టాలి, డ్రాలో పేరొచ్చినవాళ్లకు బైకో బంగారమో ఇస్తారు, వాళ్లు ఆపై వాయిదాలు కట్టనక్కర్లేదంటారు. ఇవేవీ అమాయకపు వేడుకలు కావు. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడిపితే భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ప్రకటన వేసినా 5,000 రూపాయల దాకా జరిమానా. నెలవారీ స్కీములను 1978లోనే ప్రైజ్ చిట్ల నిషేధ చట్టం మూసేసింది, శిక్ష మూడేళ్ల దాకా ఉంది. రిజిస్టరైన చిట్టీలతో వీటిని కలపకూడదు. చిట్టీలో పాట ఎవరు పాడుకున్నా సభ్యులందరి వంతూ వస్తుంది, పాడినవాళ్లూ చివరిదాకా కట్టాల్సిందే. స్కీములో గెలిచినవాళ్లు కట్టడం మానేస్తే మిగిలినవాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు కొత్తగా చేరేవాళ్ల నుంచే రావాలి. చేరికలు తగ్గిన నెలలో దుకాణానికి తాళం పడుతుంది. పోలీసులు అప్పుడు కదిలితే ఎవరికేం ఒరుగుతుంది? ఫ్లెక్సీ కట్టిన రోజే చర్య తీసుకోవాలి.

గెలిచినవాళ్ల కష్టం మరో రకం. బహుమతి సొమ్ముపై పన్ను 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు. 12 లక్షల కారు వస్తే 3,74,400 రూపాయలు కట్టాలి. ఏడాది ఆదాయం పన్ను పరిధిలోకే రాని కూలీకైనా మినహాయింపు, రిబేటు ఉండవు. పోయిన కూపన్ల ఖర్చునూ ఇందులోంచి తీసెయ్యనివ్వరు. బహుమతి వస్తురూపంలో ఉంటే, పన్ను జమైందని చూసుకున్నాకే దాన్ని అప్పగించడం నిర్వాహకుడి బాధ్యత. కూపన్ మీద కారు బొమ్మ పెద్దదిగా వేసేవాళ్లు ఈ లెక్క ఒక్క వరుసైనా అచ్చువేయరు. పండగ డ్రాలు పెట్టే షోరూములకూ ఈ కట్టడి వర్తించాలి. అమ్మకాల కోసం అదృష్ట పోటీలు పెట్టడాన్నీ, ఫలితాలు దాచడాన్నీ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వాణిజ్య పద్ధతుల్లో చేర్చింది. ఎన్ని కూపన్లు పంచారో, ఎవరు గెలిచారో, పన్ను ఎంతో దుకాణం ముందు రాసిపెట్టని డ్రాను జిల్లా అధికారులు సాగనివ్వకూడదు.

ఇష్టపడి కొన్నవాళ్లకు లేని బాధ మీకెందుకని కొందరు అడుగుతారు. ఎన్ని కూపన్లు అమ్మారో, డబ్బాలో ఎన్ని పడ్డాయో తెలియనివాడి ఇష్టాన్ని అంగీకారమనలేం. కేరళ ప్రభుత్వమే లాటరీ నడుపుతోంది కదా అన్న వాదన ఇంకా బలమైనదే. కానీ అక్కడ టికెట్టుకు వరుస సంఖ్య ఉంది, ఫలితం బహిరంగంగా వెలువడుతుంది, డబ్బుకు ప్రభుత్వం జవాబుదారీ. ఇక్కడ కూపన్ పుస్తకం, సీలు, డబ్బా అన్నీ ఒకే మనిషి చేతిలో ఉంటాయి. ఇల్లు అమ్ముడుపోక అప్పుల్లో పడ్డవాళ్ల ఇబ్బంది నిజమే, దానిపై మాకూ సానుభూతి ఉంది. అయితే ఆ అప్పును వేల మంది పేదల జేబుల్లోంచి తీర్చే హక్కు ఎవరికీ రాదు. జూదం రాజ్యాంగ రక్షణ పొందే వ్యాపారం కాదని సుప్రీంకోర్టు 1957లోనే తేల్చింది. కూపన్లు అచ్చువేసే ప్రెస్సులకూ, ప్రచారం చేసే యూట్యూబ్ చానళ్లకూ రెండు ప్రభుత్వాలూ ఈ వారమే నోటీసులివ్వాలి.