డీజిలా.. పెద్ద పెట్రోల్ ఇంజినా? ‘నెలకు 1,500 కిలోమీటర్ల’ రూల్ పెద్ద ఎస్‌యూవీలకు సరిపోదు!

2025 దీపావళి డెలివరీల కోసం షోరూమ్‌లు కిటకిటలాడాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి రావడంతో కార్ల ధరలు దిగొచ్చాయి. దాంతో అంతకుముందు చిన్న కారు చాలనుకున్న వాళ్లు కూడా స్కార్పియో-ఎన్, థార్ రాక్స్ వైపు చూడటం మొదలుపెట్టారు. అక్కడికి వెళ్లాక ఎదురయ్యే ప్రశ్న మాత్రం పాతదే. 2.2 లీటర్ డీజిల్ తీసుకోవాలా? 2.0 లీటర్ టర్బో పెట్రోలా?

ఎవర్ని అడిగినా ఒకటే సమాధానం చెబుతారు. ‘నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితేనే డీజిల్, లేదంటే పెట్రోల్’. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ లెక్క పుట్టింది చిన్న, మధ్య తరహా కార్లతో. పెద్ద పెట్రోల్ ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది.

ముందు ట్యాక్స్ సంగతి చూద్దాం. ఇంతకుముందు ఇంజిన్ సైజు, పొడవు, గ్రౌండ్ క్లియరెన్స్ చూసి సెస్ వేసేవారు. సెస్‌తో కలిపి 45, 48, 50 శాతం దాకా వెళ్లేది. ఇప్పుడు సెస్ లేదు. కారు 4 మీటర్లు దాటితే డీజిలైనా పెట్రోలైనా, 1.5 లీటరైనా 2.0 లీటరైనా జీఎస్టీ ఒకటే.. 40 శాతం. అంటే పెద్ద ఎస్‌యూవీల్లో ట్యాక్స్ చూసి ఇంజిన్ ఎంచుకునే పని లేదు.

4 మీటర్ల లోపు మాత్రం తేడా గట్టిగానే ఉంది. పెట్రోల్ 1,200 సీసీ వరకు, డీజిల్ 1,500 సీసీ వరకు 18 శాతమే. దీనికి మంచి ఉదాహరణ మూడు డోర్ల థార్. పొడవు 3,985 మిల్లీమీటర్లు. అదే బండిలో 1.5 లీటర్ డీజిల్‌కు 18 శాతం, 2.0 లీటర్ పెట్రోల్‌కు 40 శాతం! 2025 అక్టోబర్‌లో వచ్చిన కొత్త థార్ ఎక్స్-షోరూమ్ ధర అప్పట్లో 9.99 లక్షల నుంచి మొదలైందంటే కారణం ఈ చిన్న డీజిలే.

ఇక అసలు లెక్కకు వద్దాం. 2025లో హైదరాబాద్‌లో లీటర్ పెట్రోల్ 107 రూపాయలు దాటింది, డీజిల్ 96కి దగ్గర్లో ఉండేది. తేడా 11 రూపాయల పైచిలుకు. 2012లో ఢిల్లీలో ఈ తేడా 30 రూపాయలు దాటింది కాబట్టి, ‘అప్పటి డీజిల్ కాదండీ ఇది’ అని పెద్దవాళ్లు అనడంలో నిజముంది. కానీ పెద్ద ఇంజిన్ల విషయంలో లీటర్ ధర కన్నా మైలేజే ఎక్కువ దెబ్బ కొడుతుంది. సిటీ, హైవే కలిపి పెద్ద టర్బో పెట్రోల్ 9, డీజిల్ 13 ఇస్తాయనుకుందాం. పెట్రోల్‌కు కిలోమీటర్‌కు దాదాపు 12 రూపాయలు, డీజిల్‌కు 7 రూపాయల 40 పైసలు. తేడా నాలుగున్నర రూపాయలు!

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 54 వేలు మిగులుతాయి. సర్వీసింగ్‌కు డీజిల్‌లో ఏటా పది వేలు ఎక్కువ వేసుకున్నా 44 వేలు. ఇలాంటి బండ్లలో ఒకే వేరియంట్‌కు డీజిల్ ధర లక్ష ఎక్కువనుకుందాం. లైఫ్ ట్యాక్స్ కూడా ధర మీద శాతం లెక్కనే కట్టాలి కాబట్టి ఆన్-రోడ్ లక్షా ఇరవై వేలు. అది మూడేళ్ల లోపే తిరిగొస్తుంది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు మాత్రం ఏడేళ్లు పడుతుంది. అప్పుడు డీజిల్ వల్ల లాభం లేనట్టే.

ఇదే లెక్క క్రెటా 1.5 లీటర్ మామూలు పెట్రోల్‌కు వేసి చూడండి. అక్కడ పెట్రోల్ 13, డీజిల్ 17 అనుకుంటే తేడా రెండున్నర రూపాయలే. డీజిల్‌కు పెట్టే అదనం లక్షన్నర పైమాటే. నెలకు 1,500 తిరిగినా అది రాబట్టడానికి ఐదేళ్లు పడుతుంది. ఆ పాత రూల్ ఎక్కడ సరిపోతుందో ఇప్పుడు అర్థమైందిగా?

బలం గురించి కూడా ఒక మాట. స్కార్పియో-ఎన్ ఆటోమేటిక్‌లో పెట్రోల్ 203 పీఎస్, 380 ఎన్ఎం. డీజిల్ 175 పీఎస్, 400 ఎన్ఎం. ఏడుగురు ఎక్కి, సామాను వేసుకుని వెళ్లేటప్పుడు డీజిల్ ఏమాత్రం తీసిపోదు. శబ్దం, వైబ్రేషన్ తక్కువ కావాలంటే పెట్రోలే బెటర్.

పైగా పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. ఈ20కి ట్యూన్ చేసిన కొత్త కార్లలో మైలేజ్ తగ్గుదల 1-2 శాతమేనని 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్ చెప్పింది. కొత్త బండికైతే ఇది పెద్ద భయం కాదు.

మరి అందరూ డీజిలే కొనాలా? కాదు. ఇక్కడ చాలామంది షోరూమ్‌లో అడగని ప్రశ్న ఒకటుంది. మీ రోజువారీ ట్రిప్ ఎంత దూరం? 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 డీజిల్ కార్లలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి ఉంచి, ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. అందుకు పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో పోవాలి. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో పాక్కుంటూ వెళ్తే ఆ అవకాశం ఎక్కడిది? ఫిల్టర్ నిండుతుంది, డ్యాష్‌బోర్డుపై లైట్ వెలుగుతుంది. పట్టించుకోకపోతే బిల్లు భారీగానే ఉంటుంది. వారానికోసారి ఓఆర్ఆర్ ఎక్కే అలవాటుంటే, నెలకు రెండుసార్లు విజయవాడ వెళ్లొచ్చేవాళ్లైతే ఈ బాధ దాదాపు ఉండదు. రోజూ ఐదు కిలోమీటర్ల ఆఫీస్, స్కూల్ ట్రిప్పులే అయితే లెక్కలో డీజిల్ గెలిచినా పెట్రోలే తీసుకోండి. కొన్ని డీజిల్ ఎస్‌యూవీల్లో యాడ్‌బ్లూ కూడా నింపుకోవాలి. ఖర్చు తక్కువే, మర్చిపోతే మాత్రం బండి స్టార్ట్ కాదు.

పదేళ్లకే డీజిల్ కారు తుక్కు అవుతుందన్న భయం కూడా చాలామందిలో ఉంది. ఆ రూల్ ఢిల్లీ-ఎన్‌సీఆర్‌ది. తెలంగాణ, ఏపీల్లో లేదు. ఇక్కడ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఫిట్‌నెస్ చూసి రెన్యూవల్. అక్కడ కూడా వయసు కారణంగా పాత బండ్ల యజమానులపై కఠిన చర్యలు వద్దని 2025 ఆగస్టు 12న సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ రూల్ పుణ్యమా అని డీఎల్, హెచ్ఆర్-26, యూపీ-16 నంబర్ల పాత డీజిల్ ఎస్‌యూవీలు చవగ్గా మన దగ్గరికి వస్తున్నాయి. అలాంటిది కొనేముందు ఎన్ఓసీ చూసుకోండి, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్‌ను కూడా ధరలో కలిపి బేరం ఆడండి.